జపాను వేగం కార్లు.. అసలువేవి? అంటించినవేవి?

పలాస: టెక్కలి నుంచి కాశీబుగ్గ మీదుగా ఇచ్ఛాపురం వరకు సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై అప్పుడప్పుడు ఓ పాత జపాను సెడాన్ పెద్ద చప్పుడుతో దూసుకుపోవడం ఉద్దానం వాసులకు కొత్త కాదు. వెనుక రెక్క, ఎర్రని గుర్తు, వెడల్పాటి పొగగొట్టం చూసి అది అరుదైన రకమని యువకులు మురిసిపోతారు. అమ్మేవారు అదే మాట చెప్పి ధర పెంచుతారు. నిజానికి కర్మాగారం నుంచే అంతటి శక్తితో వెలువడిన కార్లు మన దేశంలో బహు తక్కువ. మిగిలినవి షెడ్డులో ఇంజన్ మార్చినవి, లేదా గుర్తు మాత్రమే అంటించినవి. ఈ తేడా తెలియక కొన్నవారు డబ్బుతో పాటు బండి రిజిస్ట్రేషన్‌నూ చిక్కుల్లో పడవేసుకోవలసి వస్తుంది.

ర్యాలీ కోసం పుట్టినవి

ప్రపంచ ర్యాలీ పోటీల్లో పాల్గొనదలచిన సంస్థ అదే నమూనా కార్లను 2,500 తయారు చేసి ప్రజలకు అమ్మాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 1992లో పుట్టింది ఆ నిబంధన కారణంగానే. చూడటానికి నాలుగు తలుపుల సాధారణ లాన్సర్. లోపల మాత్రం 2 లీటర్ల టర్బో ఇంజన్, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు. టామీ మాకినెన్ ఈ కార్లతోనే 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేతగా నిలిచారు.

కుటుంబ ప్రయాణాలకు వాడే స్టేషన్ వ్యాగన్లనూ జపాను ఇంజినీర్లు వదలలేదు. నిస్సాన్ అనుబంధ సంస్థ ఆటెక్ 1997లో స్టేజియా వ్యాగన్‌లో స్కైలైన్ జీటీ-ఆర్ పందెపు కారు ఇంజన్ అమర్చి ‘260ఆర్‌ఎస్’ పేరిట విడుదల చేసింది. మిత్సుబిషి కూడా 2005లో ఎవల్యూషన్‌కు వ్యాగన్ రూపం ఇచ్చింది. విశేషమేమంటే 1989 నుంచి 2004 వరకు జపాను సంస్థలు తమలో తాము చేసుకున్న ఒడంబడిక మేరకు ఏ కారుకూ 280 హార్స్‌పవర్‌కు మించిన శక్తిని కాగితంపై చూపలేదు. అసలు శక్తి అంతకంటే ఎక్కువేనన్నది అభిమానులందరికీ తెలిసిన రహస్యం.

మన దేశానికి వచ్చినవి

హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1998 నుంచి తమిళనాడులోని తిరువళ్లూరు కర్మాగారంలో తయారు చేసిన లాన్సర్ ఈ ఎవల్యూషన్ కాదు. అది 1.5 లీటర్ల పెట్రోలు, 2 లీటర్ల డీజిల్ ఇంజన్ల మామూలు బండి. ఆ తరువాత 2006లో వచ్చిన సీడియాకు 2 లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉన్నందున దేశీయ ర్యాలీల్లో మంచి పేరు వచ్చింది. పదో తరం ఎవల్యూషన్‌ను నేరుగా దిగుమతి చేసి అమ్మినా కొన్నవారు అతి స్వల్పం. పాత లాన్సర్‌కు రెక్క తగిలించి ‘ఎవో’ అని చెబితే నమ్మవలసిన పని లేదు.

హోండా సివిక్‌దీ ఇదే కథ. మన దేశంలో 2006లో వచ్చిన సివిక్ 1.8 లీటర్లది, 132 హార్స్‌పవర్ దాని శక్తి. అదే ఆకృతిలో జపానులో 2007 నుంచి 2010 వరకు అమ్మిన ‘టైప్ ఆర్’కు 225 హార్స్‌పవర్. ఎర్రని హోండా గుర్తు దానికి చెందినది. గుర్తు బజారులో దొరుకుతుంది, ఇంజన్ దొరకదు.

ఆర్భాటం లేకపోయినా నిజంగా వెతకదగిన బండ్లు వేరే ఉన్నాయి. తొలి తరం హోండా సిటీలో 106 హార్స్‌పవర్ వీటెక్ రకం, 1999లో మారుతి తెచ్చిన బలేనో, దాని వ్యాగన్ రూపమైన ఆల్టురా ఆ కోవలోనివి. ఇంటిల్లిపాదీ సామానుతో సహా పట్టే ఆల్టురాను ఆనాడు కొనేవారే కరవయ్యారు. అది మంచి బండికి జరిగిన అన్యాయమనే చెప్పాలి. ఇంకా వెనక్కి వెళితే జపాను గుండెను మన బండిలో పెట్టిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ ఉంది. ఇసుజు వారి 1817 సీసీ ఇంజన్, అయిదు గేర్లతో 1990ల తొలినాళ్లలో అది వచ్చినప్పుడు పాత అంబాసిడర్ నడిపిన డ్రైవర్లు ఆశ్చర్యపోయారు. ఇది కర్మాగారమే చేసిన మార్పు కనుక పత్రాల చిక్కు లేదు.

షెడ్డు మార్పుల సంగతి

మారుతి ఎస్టీమ్, జిప్సీ బండ్లలో బలేనో ఇంజన్ అమర్చడం మెకానిక్‌లకు బాగా తెలిసిన విద్య. రెండూ సుజుకీ ‘జీ’ కుటుంబానివే. ఎస్టీమ్‌ది 1298 సీసీ, బలేనోది 1590 సీసీ. బండి పరుగు పెరుగుతుంది, బ్రేకులు మాత్రం పాతవే ఉండిపోతాయి. ఇక ఆర్‌సీలో 1298 అని ఉండి, ఇంజన్‌పై చెక్కిన సంఖ్య జీ16తో మొదలైతే ఆ బండి చట్టం దృష్టిలో వేరే బండి.

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కలిగింది. తెలియజేయని మార్పు ఉంటే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. సొంత కారుకు 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. పైన చెప్పిన సిటీ, ఆల్టురా బండ్లన్నీ ఆ వయసు దాటినవే. తనిఖీలో ఇంజన్ సంఖ్య కుదరకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

గల్ఫ్ నుంచి తేవచ్చా?

ఉద్దానం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు అక్కడి జపాను కారును ఇంటికి తెచ్చుకోవాలనుకోవడం సహజం. కానీ అక్కడివి ఎడమ వైపు స్టీరింగ్ బండ్లు. మన నిబంధనల ప్రకారం దిగుమతి చేసే పాత కారుకు కుడి వైపు స్టీరింగ్ ఉండాలి, తయారై మూడేళ్లు మించరాదు. కనుక 1990ల నాటి స్టేజియా వంటివి జపాను నుంచి తెచ్చేందుకూ దారి లేదు.

ఇచ్ఛాపురం సరిహద్దు అవతల ఒడిశా గంజాం జిల్లాలో ఓడీ 07 సంఖ్యతో నమోదైన బండ్లు కొనేవారు మొదటి నమోదు కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వాహనం మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే ఇక్కడ మళ్లీ నమోదు తప్పనిసరి.

కొనే ముందు బండిని ఎత్తించి అడుగు భాగం చూడాలి. వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట తీర గ్రామాల్లో ఏళ్ల తరబడి నిలిచిన కారుకు ఉప్పుగాలి వల్ల చక్రాల గూళ్లు, నేల రేకు ముందుగా తుప్పు పడతాయి. పైన కొత్త రంగు మెరుస్తున్నా కింద వేలితో నొక్కితే రేకు పొడిగా రాలుతుంది. ఇప్పుడు బంకుల్లో అమ్ముతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఈ పాత ఇంజన్ల రబ్బరు గొట్టాలు తయారైనవి కావు. వాటిని మార్పించే ఖర్చునూ బేరంలోనే కలుపుకోవాలి.