ఎనభై కిలోమీటర్ల సముద్రానికి ఇటూ అటూ

పన్నులు తగ్గిస్తే దేశం దానంతటదే బాగుపడుతుందని నేను చాలా ఏళ్లు నమ్మాను. మార్చి నెల జీతంలో టీడీఎస్ కోత చూసినప్పుడల్లా ఆ నమ్మకం ఇంకాస్త గట్టిపడేది లెండి. ఎవరైనా కాదంటే నా దగ్గర ఒక రామబాణం ఉండేది: ఎస్టోనియా. "1994లోనే అందరికీ ఒకే రేటు, 26 శాతం పన్ను పెట్టేశారండీ. 2000 నుంచి కంపెనీ తన లాభాన్ని పంచుకుంటే తప్ప దాని మీద పన్నే లేదు. స్కైప్ సాఫ్ట్‌వేర్ రాసింది అక్కడే!" అని దంచేవాడిని.

ఒకరోజు భోజనాల దగ్గర ఓ సీనియర్ చల్లగా అడిగారు. "మరి పక్కనున్న ఫిన్లాండ్ సంగతేంటి?"

ఆ రాత్రి కూర్చుని చూస్తే ఏముంది... ఫిన్లాండ్ ప్రభుత్వం జీడీపీలో 42 శాతం దాకా పన్నుల రూపంలో తీసుకుంటుంది. ఎస్టోనియాలో అది 2023లో సుమారు 33 శాతం. మరి తలసరి ఆదాయం? 2023లో ఫిన్లాండ్‌ది 53 వేల డాలర్ల దరిదాపుల్లో, ఎస్టోనియాది 30 వేల దగ్గర. రామబాణం కాస్తా వెనక్కి తిరిగి నాకే తగిలింది.

పోనీ ఇవి ఉప్పూ నిప్పూ లాంటి దేశాలా అంటే అదీ కాదు. తాలిన్‌కీ హెల్సింకీకీ మధ్య ఉన్నది ఎనభై కిలోమీటర్ల సముద్రం. భాషలు అక్కచెల్లెళ్లు. రెండూ రష్యన్ సామ్రాజ్యంలో ఉండి, 1917-18లో కొద్ది నెలల తేడాతో స్వతంత్రం ప్రకటించుకున్నాయి. రెండూ వ్యవసాయ దేశాలే. ఎస్టోనియా 1919లో జర్మన్ జమీందార్ల భూములు తీసుకుని పంచింది. ఫిన్లాండ్ 1918 నుంచి కౌలుదార్లకి భూమి దక్కేలా చట్టాలు చేసింది. 1930ల చివర్లో బతుకుతెరువు చూస్తే రెండింటి మధ్యా పెద్ద తేడా లేదు, మహా అయితే ఫిన్లాండ్ కాస్త ముందుండేది.

1939లో స్టాలిన్ ఇద్దరినీ అడిగాడు, మీ గడ్డ మీద మాకు సైనిక స్థావరాలు కావాలని. ఎస్టోనియా యుద్ధం చెయ్యకుండా సంతకం పెట్టింది, 1940లో దేశమే మాయమైంది. ఫిన్లాండ్ ఎదురుతిరిగింది. ఓడింది కానీ మిగిలింది. అందుకు కట్టిన మూల్యం తక్కువేం కాదు. కరేలియా పోయింది, నాలుగు లక్షల పైచిలుకు జనం కట్టుబట్టలతో వచ్చిపడ్డారు, పైగా సోవియట్ యూనియన్‌కి 30 కోట్ల డాలర్ల యుద్ధ పరిహారం. అదీ డబ్బుగా కాదు, సరుకుగా: ఓడలు, యంత్రాలు, కేబుళ్లు, కాగితం.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇక్కడే. అడవులమ్ముకుని బతికే దేశం ఓడలు కట్టడం, యంత్రాలు చెయ్యడం పెద్ద ఎత్తున నేర్చుకోక తప్పలేదు. 1952లో ఆఖరి వాయిదా తీరేసరికి, నిన్నటిదాకా ఊరికే తీసుకున్నవాడే రేపటి ఖాతాదారుడయ్యాడు. అలా కేబుళ్లు పంపిన కంపెనీ 1967లో మరో రెండింటితో కలిసింది. ఆ కలిసినదాని పేరు నోకియా.

ఇంకొకటి. కరేలియా నుంచి వచ్చినవాళ్లకి నష్టపరిహారం ఇవ్వడానికి ఫిన్లాండ్ మిగతా జనం ఆస్తి మీద ప్రత్యేకంగా పన్ను వేసింది. 1945 చట్టంతో భూమున్నవాళ్ల దగ్గర భూమి తీసుకుని వాళ్లకి ఇచ్చింది. అంటే కట్టిన పన్ను ఎక్కడికి పోయిందో పక్క పొలంలో కళ్లకి కనబడింది. ఇవాళ్టికీ అక్కడి జనం అంత పన్ను పెద్దగా సణక్కుండా కడుతున్నారంటే దాని వేర్లు కొన్ని అక్కడున్నాయని నాకనిపిస్తుంది.

ఇక అవతలి ఒడ్డున... 1949 మార్చిలో నాలుగే నాలుగు రోజుల్లో సుమారు 20 వేల మందిని రైళ్లెక్కించి సైబీరియా పంపారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. అది చూశాక మిగిలిన రైతులు సామూహిక క్షేత్రాల్లో చేరకేం చేస్తారు? ఫ్యాక్టరీలు రాలేదని కాదు, బోలెడు వచ్చాయి. కానీ ఏం చెయ్యాలో, ఎంతకి ఇవ్వాలో మాస్కో చెప్పేది. తాలిన్ వాళ్లు యాంటెనా తిప్పుకుని ఫిన్లాండ్ టీవీ చూసేవాళ్లు. ఎదురొడ్డున అంగట్లో ఏమేం దొరుకుతున్నాయో ప్రకటనల్లో చూస్తూ దశాబ్దాలు గడపడం ఎలాంటి శిక్షో ఊహించుకోండి.

1992లో మార్ట్ లార్ ప్రధాని అయ్యేటప్పటికి వయసు 32. వృత్తికి చరిత్రకారుడు. తను చదివిన ఆర్థికశాస్త్రం పుస్తకం మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ది ఒక్కటేనని ఆయనే చెప్పుకున్నారు. ఒకే రేటు పన్నుకి ఆ పుస్తకం కొంత కారణం కావచ్చు. కానీ నాకు కనబడే కారణం ఇంకోటుంది. పన్ను లెక్క ఎన్నడూ రాయని వ్యాపారులు, అనుభవం లేని అధికారులు. పది శ్లాబులూ నలభై మినహాయింపులూ పెడితే నడిపేదెవరు? కొత్త టీముకి చిన్న కోడే దిక్కు. అది పనిచేసింది కూడా, కాదనను. కానీ అదే సమయంలో కొత్త కరెన్సీ క్రోన్‌ని జర్మన్ మార్క్‌కి ఎనిమిది చొప్పున కట్టేశారు, ఫిన్లాండ్, స్వీడన్ కంపెనీలు పక్కనే ఉండి పెట్టుబడితో వచ్చాయి. ఘనతంతా పన్ను రేటుకే ఇవ్వడం నా తప్పు.

తాలిన్‌లో ఇటుకలు పేర్చే మేస్త్రీ రెండు గంటలు ఓడెక్కి హెల్సింకీలో దిగితే అవే చేతులకి ఎన్నో రెట్లు కూలి దొరికేది. మనిషి మారలేదు, తాపీ మారలేదు. మారింది చుట్టూ ఉన్న క్రేను, ప్లాను, కాంట్రాక్టు, కోర్టు. ఆఫ్‌షోర్ నుంచి ఆన్‌సైట్‌కి వెళ్లొచ్చిన మనకి ఇది ఒకరు చెప్పాలా?

2008 తర్వాత ఫిన్లాండ్ చాలాకాలం చతికిలబడింది, నోకియా ఫోన్ల వ్యాపారం 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి పోయింది. ప్రభుత్వ శాఖల డేటాబేసుల్ని కలిపే ఎక్స్-రోడ్‌ని మాత్రం అదే ఫిన్లాండ్ ఎస్టోనియా నుంచి తెచ్చుకుంది. ఎస్టోనియా ఏమో 2025లో ఆదాయపు పన్ను 22 శాతానికి, అదే ఏడాది జూలైలో వ్యాట్ 24 శాతానికి పెంచింది. కారణాల్లో రక్షణ ఖర్చు ఒకటి. తూర్పు సరిహద్దు అవతల ఉన్న పొరుగువాడు 1939లో ఉన్నవాడే మరి.