ప్రింటర్ మూగబోయిన శుక్రవారం

2016 ఫిబ్రవరి 5. ఢాకాలో శుక్రవారం అంటే వారాంతపు సెలవు. మోతీఝీల్‌లోని బంగ్లాదేశ్ బ్యాంకు ప్రధాన కార్యాలయం బోసిగా ఉంది. మనకు రిజర్వు బ్యాంకు ఎలాగో వాళ్లకు అది అలాగ. పదో అంతస్తులో గట్టి కాపలా ఉన్న ఒక గదిలో స్విఫ్ట్ కంప్యూటర్లు ఉంటాయి. విదేశాల్లో దాచుకున్న దేశపు డాలర్లను కదిలించేవి అవే. వాటికి కలిపి ఒక ప్రింటర్ పెట్టారు. ఏ సందేశం వచ్చినా, ఏ చెల్లింపు జరిగినా, రాత్రయినా పగలయినా దానంతటదే కాగితం మీద అచ్చేసి ట్రేలో పడేస్తుంది.

ఆ ఉదయం డ్యూటీ మేనేజర్ వచ్చి చూస్తే ట్రేలో ఒక్క కాగితం లేదు. మీటలు నొక్కి చూశారు. కదల్లేదు. ప్రింటర్ మొరాయించడం అంతకుముందూ ఉన్నదే, ఇదీ మామూలేననుకున్నామని తర్వాత ఆయన పోలీసులకు చెప్పారు. సెలవు రోజు కదా, రేపు చూద్దామనుకుని వెళ్లిపోయారు.

ముందు రోజు రాత్రి సిబ్బంది ఇళ్లకు వెళ్లాక అదే గదిలోని కంప్యూటర్ల నుంచి న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు 35 చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. బంగ్లాదేశ్ ఖాతాలోంచి మొత్తం 95.1 కోట్ల డాలర్లు ఫలానా ఫలానా ఖాతాలకు పంపమని వాటి సారాంశం. గదిలో మనిషి లేడు. కానీ సరైన యూజర్ పేరు, సరైన పాస్‌వర్డ్‌తోనే వచ్చిన ఆదేశాలవి. ఢాకాలో రాత్రయితే న్యూయార్క్‌లో పగలు. అక్కడివాళ్లు పని మొదలుపెట్టారు.

దొంగలు లోపలికి వచ్చింది మాత్రం ఆ రాత్రి కాదు, అంతకు ఏడాది ముందు. 2015 తొలి నెలల్లో బ్యాంకు ఉద్యోగులు కొందరికి ఒక ఈమెయిల్ వచ్చింది. మీ సంస్థలో పనిచేయాలని ఎంతో ఆశగా ఉంది, నా బయోడేటా ఈ లింకులో ఉంది, దయచేసి చూడండి అని వినయంగా రాసిన ఉత్తరం. ఉద్యోగం కోసం ఎవరో కుర్రాడు రాసుకున్నాడనుకుని కొందరు ఆ లింకు నొక్కారు. అంతే. బయోడేటా ముసుగులో వచ్చిన ప్రోగ్రాం లోపల తిష్ట వేసింది. అక్కణ్నుంచి ఒక్కో కంప్యూటరూ దాటుకుంటూ, ఎవరు ఏ వేళకు లాగిన్ అవుతారో, ఏ మాట ఎలా టైప్ చేస్తారో చూస్తూ దొంగలు నెలల తరబడి కాచుకున్నారు. హైదరాబాద్‌లో 2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టినప్పుడూ పోలీసులు తేల్చింది ఇదే దారి. ఉద్యోగులకు వరసపెట్టి ఈమెయిళ్లు, వాటిని ఒకరిద్దరు తెరవడం.

ఇంకో పక్క, 2015 మేలో ఫిలిప్పీన్స్ రాజధాని ప్రాంతంలో ఆర్‌సీబీసీ బ్యాంకు శాఖలో దొంగ గుర్తింపు పత్రాలతో నాలుగు ఖాతాలు తెరిచారు. తలా 500 డాలర్లు వేసి, తొమ్మిది నెలలు వాటి జోలికి పోలేదు. ఇంత ఓపిక ఎందుకంటే, వాళ్లకు కావలసింది డబ్బుతోపాటు వ్యవధి. గురువారం రాత్రి కొడితే శుక్ర, శనివారాలు బంగ్లాదేశ్‌కు సెలవు. శని, ఆదివారాలు అమెరికాకు సెలవు. ఫిబ్రవరి 8 సోమవారం చైనా కొత్త సంవత్సరం, ఫిలిప్పీన్స్‌కు సెలవు. మూడు దేశాల క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి వేసిన ముహూర్తం అది.

శనివారం ఢాకాలో మళ్లీ ప్రింటర్ దగ్గర కూర్చున్నారు. స్విఫ్ట్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే ఏదో ఫైలు లేదు, లేదా మారిపోయింది అని తెర మీద సందేశం. కిందా మీదా పడి వేరే మార్గంలో అచ్చు తీయగలిగారు. కాగితాలు బయటికొచ్చాయి. అవి న్యూయార్క్ నుంచి వచ్చిన ప్రశ్నలు. ఈ చెల్లింపులు మీరే పంపారా, వివరాలివ్వండి అని. చదివినవాళ్ల కాళ్ల కింద భూమి కదిలి ఉంటుంది. ఫోన్లు చేశారు, ఫ్యాక్స్ పంపారు, ఫెడరల్ రిజర్వు వెబ్‌సైట్‌లో దొరికిన చిరునామాకు ఈమెయిళ్లు రాశారు. అక్కడ శనివారం. పలికే నాథుడు లేడు.

ఆదేశాలన్నీ చెల్లిపోలేదంటే అది అదృష్టమే. మనీలాలో ఆ శాఖ ఉన్న వీధి పేరు జూపిటర్. ఇరాన్ మీది ఆంక్షల వల్ల అమెరికా నిషేధించిన ఒక ఓడ పేరూ జూపిటరే. ఆ పేరు తగలగానే ఆదేశాలు పక్కకు ఆగాయి. 35లో 30 అలా నిలిచిపోయాయి. దాటిపోయిన ఐదింటి విలువ 10.1 కోట్ల డాలర్లు. అందులో 2 కోట్లు శ్రీలంకలోని ఒక ఫౌండేషన్ పేరిట వెళ్తుంటే, ఆ 'ఫౌండేషన్' అన్న మాటను తప్పుగా టైప్ చేశారు. మధ్యవర్తి డాయిష్ బ్యాంకులో ఒకరికి అనుమానం వచ్చి ఆరా తీశారు. ఆ డబ్బు వెనక్కి వచ్చింది. మిగిలిన 8.1 కోట్లు మనీలా చేరాయి.

సోమవారం ఢాకా నుంచి, డబ్బు ఆపండి అని ఆర్‌సీబీసీకి సందేశాలు వెళ్లాయి. అక్కడ సెలవు. మంగళవారం బ్యాంకు తెరిచింది. సందేశాలు వచ్చి ఉన్నాయి, అయినా ఆ ఒక్క రోజే 5.8 కోట్ల డాలర్లు ఖాతాలు దాటిపోయాయి. అక్కణ్నుంచి పెసోలుగా మారి జూదశాలలకు చేరాయి. మనీలాండరింగ్ చట్టం అప్పట్లో ఆ దేశపు కాసినోలకు వర్తించేది కాదు. టోకెన్లుగా మారిన డబ్బు జాడ అక్కడితో చెరిగిపోయింది. తర్వాత వెనక్కి వచ్చింది దాదాపు కోటిన్నర డాలర్లు.

ప్రింటర్ ఎందుకు మూగబోయిందో కొన్ని వారాలకు బ్రిటన్‌లోని బీఏఈ సిస్టమ్స్ పరిశోధకులు బయటపెట్టారు. స్విఫ్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకచోట తనిఖీ ఉంటుంది. అంతా సరిగ్గా ఉంటే ముందుకు వెళ్లు, లేకపోతే ఆగిపో అని. ఆ నిర్ణయం రెండు బైట్లలో ఇమిడి ఉంది. దొంగలు ఆ రెండు బైట్లను తీసేసి, ఏమీ చేయకు అనే అర్థమొచ్చే మరో రెండు బైట్లు పెట్టారు. దాంతో తనిఖీ తప్పినా ఆగకుండా ముందుకే పోతుంది. తమ చెల్లింపుల ఆనవాళ్లు డేటాబేస్‌లోంచి చెరిపేయడం, ప్రింటర్‌కు వెళ్లే ధ్రువీకరణలను దారిలోనే పట్టి సున్నాలతో నింపేయడం కూడా ఆ ప్రోగ్రాం పనే. డబ్బు తీయడానికి పడ్డంత శ్రమ, ఆ సంగతి యజమానికి తెలియకుండా ఉంచడానికీ పడ్డారు.

డ్యూటీ మేనేజర్ని నేను తప్పుపట్టలేను. ప్రింటర్లు మొరాయిస్తాయి. తప్పు అంతకంటే పైన ఉంది. బ్యాంకు నెట్‌వర్క్‌కు ఫైర్‌వాల్ లేదని, 10 డాలర్లకు దొరికే పాత స్విచ్‌లతో స్విఫ్ట్ కంప్యూటర్లను కలిపారని బంగ్లాదేశ్ సీఐడీ ఫోరెన్సిక్ అధికారి చెప్పారు. శతకోటి డాలర్ల ఖజానా అది! అంతకంటే బాధ కలిగించేది దాచిపెట్టడం. ఫిబ్రవరి నెలాఖరుకు ఫిలిప్పీన్స్ పత్రిక రాసేదాకా లోకానికి తెలియలేదు. సొంత ఆర్థిక మంత్రికే చెప్పలేదు. మార్చి 15న గవర్నర్ అతియుర్ రహమాన్ రాజీనామా చేశారు. ఈ దోపిడీ విషయంలో 2018లో అమెరికా న్యాయశాఖ ఉత్తర కొరియాకు చెందిన పార్క్ జిన్ హ్యోక్ మీద అభియోగం మోపింది. సోనీ పిక్చర్స్ మీద సైబర్ దాడి, 2017 నాటి వానాక్రై దాడి కూడా అతని ముఠా పనేనంది. ఉత్తర కొరియా కాదంటోంది.

అదే 2016 జూలైలో ముంబయిలోని మన యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకూ ఈ గండం వచ్చింది. రిజర్వు బ్యాంకు నుంచి వచ్చినట్టున్న ఈమెయిల్‌లోని ఫైలును ఒక ఉద్యోగి తెరిచారు. విదేశీ ఖాతాలోంచి దాదాపు 17 కోట్ల డాలర్లు కదిలిపోయాయి. కానీ ఉదయాన్నే లెక్కలు సరిచూసే ఉద్యోగికి ఎక్కడో తేడా కొట్టింది. తన కంప్యూటర్ చూపించే లెక్కనే నమ్మి ఊరుకోలేదు. విదేశీ బ్యాంకు పంపిన లెక్కతో పోల్చారు. వెంటనే గొలుసులోని బ్యాంకులన్నిటికీ కబురు వెళ్లింది. డబ్బంతా దక్కింది. ఢాకాకూ ముంబయికీ తేడా యంత్రాల్లో లేదు, ఆ ఉదయపు లెక్కలో ఉంది.

మన ఇళ్లలో ఆ ప్రింటర్ చేసే పని ఇప్పుడు సెల్‌ఫోన్ చేస్తోంది. బ్యాంకు నుంచి వచ్చే మెసేజే మన అచ్చు కాగితం. దొంగ ముందుగా నోరు నొక్కేది దాన్నే. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే యాప్ దిగుతుంది, మెసేజులు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, ఓటీపీ దొంగకు పోతుంది, బ్యాంకు మెసేజ్ మనకు కనపడకుండా పోతుంది. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ యాప్‌గా రాదు. పంపింది మేనమామే అయినా ఏపీకే తెరవొద్దు, ఆయన ఫోనే దొంగల చేతిలో ఉండొచ్చు. ఫోన్ సెట్టింగుల్లో తెలియని యాప్‌లను దింపే అనుమతిని ఆపేయండి.

ఇంట్లో అందరి ఫోన్లకూ సిగ్నల్ ఉండి మీ ఒక్కరిదే గంటల కొద్దీ పోతే టవర్ సమస్యేలే అని ఊరుకోవద్దు. మీ నంబరుకు ఎవరో వేరే సిమ్ తీసుకుని ఉండొచ్చు. పక్కవాళ్ల ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి, బ్యాంకుకు కాల్ చేయండి. చాలా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోగలిగేది ఈమెయిల్ ద్వారానే కాబట్టి దానికి ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. వారానికోసారైనా పాస్‌బుక్కో స్టేట్‌మెంటో తీసి చూసుకోండి. మెసేజ్ రాలేదు కాబట్టి డబ్బు పోలేదని అనుకోవడానికి లేదు.

పోయిందని తెలిస్తే మాత్రం సోమవారం దాకా ఆగొద్దు, సిగ్గుపడి దాచొద్దు. 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తప్పు మనదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఓటీపీ మనమే చెప్పేసినా, ఫిర్యాదు చేసిన క్షణం తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే.