కృష్ణా-గోదావరి బేసిన్: చమురు సంస్థల లాభాలు, ప్రభుత్వ జోక్యం

కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ రెండు నదుల డెల్టాల్లోనూ, వాటిని ఆనుకున్న బంగాళాఖాతంలోనూ విస్తరించిన చమురు, సహజవాయు ప్రాంతం. ఇక్కడ అన్వేషణకు ప్రైవేటు పెట్టుబడిని పిలిచిన కేంద్ర ప్రభుత్వం ఆ సంస్థల లాభాలను మూడు మార్గాల్లో అదుపు చేస్తూ వచ్చింది: గ్యాస్ ధర నిర్ణయించడం, ఖర్చుల లెక్క తేల్చడం, అదనపు పన్ను వేయడం. వీటిలో ఖర్చుల లెక్కే ఎక్కువ కాలం వివాదాల్లో నలిగింది.

నేపథ్యం

రాజ్యాంగంలోని 297వ అధికరణ ప్రకారం సముద్ర గర్భంలోని ఖనిజాలు కేంద్రానివి. నేలమీది బావుల నుంచి వచ్చే రాయల్టీ రాష్ట్రానికి అందుతుంది, సముద్రంలోని బావులది కేంద్రానికి వెళుతుంది. 1970ల్లో ప్రభుత్వం విదేశీ చమురు సంస్థలను తన చేతుల్లోకి తీసుకుంది. విశాఖపట్నంలో 1957లో మొదలైన కాల్టెక్స్ రిఫైనరీ 1976 డిసెంబరులో ప్రభుత్వపరమై, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. ఆర్థిక సంస్కరణల తర్వాత గాలి మారింది. కోనసీమ తీరానికి ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రాన్ని 1994లో ఓఎన్‌జీసీ, ప్రైవేటు సంస్థల ఉమ్మడి బృందానికి అప్పగించారు. 1999లో కొత్త అన్వేషణ లైసెన్సు విధానం (నెల్ప్) అమలులోకి వచ్చింది.

లాభం పంపకం

నెల్ప్ ఒప్పందాల ప్రకారం అమ్మకాల డబ్బులోంచి సంస్థ ముందుగా తన ఖర్చు రాబట్టుకుంటుంది. మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకుంటుంది. పెట్టుబడికి ఎన్ని రెట్లు రాబడి వచ్చిందన్న లెక్కను బట్టి ప్రభుత్వ వాటా పెరుగుతుంది. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న డి-6 బ్లాకులో ఆ వాటా 10 శాతంతో మొదలై 85 శాతం దాకా వెళ్లేలా రాసుకున్నారు. ఖర్చు ఎంత ఎక్కువ చూపితే ప్రభుత్వానికి రావలసింది అంత తగ్గుతుంది, ఆలస్యమూ అవుతుంది.

డి-6: ధర, ఖర్చు

రిలయన్స్, నికో సంస్థలు 2000లో ఈ బ్లాకుకు ఒప్పందం చేసుకున్నాయి. 2002లో గ్యాస్ బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలై గాడిమొగ టెర్మినల్‌కు చేరింది. 2007లో ప్రణబ్ ముఖర్జీ నేతృత్వంలోని మంత్రుల బృందం ఎంఎంబీటీయూ (పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు)కు 4.20 డాలర్ల ధర ఖరారు చేసింది. అంబానీ అన్నదమ్ముల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం తమకు 2.34 డాలర్లకే గ్యాస్ ఇవ్వాలని అనిల్ అంబానీ సంస్థ ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్ వాదించింది. గ్యాస్ ధర, కేటాయింపు ప్రభుత్వ విధానానికి లోబడాల్సిందేనని సుప్రీంకోర్టు 2010 మే 7న తీర్పు చెప్పింది.

2004 ప్రణాళికలో 240 కోట్ల డాలర్లుగా ఉన్న అభివృద్ధి వ్యయం 2006 సవరణలో 880 కోట్లకు చేరింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయన్న అంచనా మాత్రం ఫలించలేదు. 2010లో 6 కోట్లు దాటిన ఉత్పత్తి తర్వాత వేగంగా పడిపోయింది. భూగర్భ నిర్మాణం ఊహించినదానికంటే జటిలమని రిలయన్స్ చెప్పగా, ఆమోదించినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం తప్పుపట్టింది. ఖర్చుల ఆమోదంలోనూ, బ్లాకు మొత్తాన్ని సంస్థ చేతిలోనే ఉంచడంలోనూ లోపాలున్నాయని 2011లో కాగ్ ఎత్తిచూపింది. ఎస్. జైపాల్‌రెడ్డి పెట్రోలియం మంత్రిగా ఉన్నప్పుడు, 2012 మేలో, 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును లెక్కలోంచి తీసేస్తూ నోటీసు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన శాఖ మారింది. సంస్థ ఒత్తిడే కారణమని విపక్షాలు ఆరోపించాయి.

ఉత్పత్తి తగ్గినప్పుడు ఉన్న గ్యాస్‌ను ఎరువుల కర్మాగారాలకు ముందుగా ఇచ్చారు. 2013 మార్చి నుంచి విద్యుత్ కేంద్రాలకు డి-6 సరఫరా ఆగిపోవడంతో గోదావరి జిల్లాల్లోని గ్యాస్ ఆధారిత కేంద్రాలు దెబ్బతిన్నాయి.

గ్యాస్ వలస వివాదం

పక్కనున్న తమ బ్లాకుల నుంచి గ్యాస్ డి-6లోకి పారిందని ఓఎన్‌జీసీ 2014లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఈ వివాదంపై వేసిన జస్టిస్ ఏ.పి. షా కమిటీ నివేదిక ఆధారంగా ప్రభుత్వం 2016లో రిలయన్స్ బృందం నుంచి 155 కోట్ల డాలర్లు కోరింది. 2018లో మధ్యవర్తుల తీర్పు ఆ బృందం పక్షాన వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం దాన్ని రద్దు చేయగా, ప్రభుత్వం 281 కోట్ల డాలర్లకు డిమాండ్ పంపింది.

విధానం మార్పు, విండ్‌ఫాల్ పన్ను

నెల్ప్ స్థానంలో 2016లో వచ్చిన హైడ్రోకార్బన్ అన్వేషణ లైసెన్సు విధానం (హెల్ప్) లాభానికి బదులు ఆదాయంలోనే వాటా తీసుకుంటుంది. అందువల్ల ప్రభుత్వం ప్రతి ఖర్చునూ తనిఖీ చేయాల్సిన పని తప్పింది. అయితే ఖర్చు రాకముందే వాటా కట్టాల్సిన భారం అన్వేషకుడిపై పడింది.

ఉక్రెయిన్ యుద్ధంతో చమురు ధరలు ఎగసినప్పుడు, 2022 జులై 1న, దేశీయ ముడి చమురుపై టన్నుకు 23,250 రూపాయల ప్రత్యేక అదనపు ఎక్సైజ్ సుంకం (విండ్‌ఫాల్ పన్ను) పడింది. అన్వేషణ దెబ్బతినకుండా చిన్న ఉత్పత్తిదారులకూ, ముందటి ఏడాదికి మించి తీసిన చమురుకూ మినహాయింపు ఇచ్చారు. బ్రిటన్ కూడా అదే ఏడాది మేలో 25 శాతం అదనపు పన్ను ప్రకటించి, కొత్త పెట్టుబడికి రాయితీ కల్పించింది. ధరలు దిగివచ్చాక భారత్ ఈ సుంకాన్ని 2024 డిసెంబరులో ఎత్తేసింది.