ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం సార్!

ట్రాఫిక్‌లో కారు వేడెక్కుతోందని చెప్పి చూడండి. మన మెకానిక్కుల్లో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం సార్." అంటే సెన్సరూ, రిలే, కంప్యూటరూ అన్నిటినీ పక్కకి నెట్టేసి, తాళం తిప్పగానే రేడియేటర్ ఫ్యాన్ తిరిగేలా ఓ వైరు లాగేయడమన్నమాట. మనం నవ్వడానికి లేదు లెండి. కండిషన్ సరిగ్గా పనిచెయ్యకపోతే ఆ కండిషన్నే కామెంట్ చేసేసి రిలీజ్ ఇచ్చిన మహానుభావులు మన టీముల్లోనూ ఉన్నారు :)

నా కారుకీ ఒక వర్క్‌షాపులో ఇదే వైద్యం చెప్పారు. బానెట్ ఎత్తారేగానీ ఏదీ పరీక్షించలేదు. నేను వద్దని బయటికొచ్చేశాను. ఒక చిన్న ఫ్యాను తిరుగుతుందో లేదో తేల్చడం ఇంత గందరగోళం ఎప్పుడైందా అని వెతుకుతూ పోతే 1886 దాకా వెళ్ళాల్సొచ్చింది.

ఆ ఏడాది కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండికి ఫ్యాన్ లేదు. ఇంజను చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోయేవి, ఆ ఆవిరితోపాటే వేడీ పోయేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, సుమారు వంద కిలోమీటర్లు, ఆ బండి నడుపుకుంటూ వెళ్ళింది. దారిలో ఆగి ఆగి నీళ్ళు పోసుకోవాల్సొచ్చింది. అది రిపేరు కాదు, నీళ్ళు మరిగిపోవడమే దాని డిజైను.

అసలు మార్పు విల్‌హెల్మ్ మేబాక్ తెచ్చాడు. 1900 చివర్లో తయారై 1901లో నీస్ పోటీల్లో అందర్నీ ఓడించిన మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారుకి ఆయన తేనెపట్టు లాంటి రేడియేటర్ పెట్టాడు. అందులో ఒక్కోటి 6 మిల్లీమీటర్ల చదరంగా ఉండే సన్న గొట్టాలు 8,070. దాంతో 9 లీటర్ల నీళ్ళే సరిపోయాయి. కారు పరిగెడుతుంటే ఆ గొట్టాల్లోంచి గాలి దానంతటదే దూసుకెళ్తుంది. మరి నెమ్మదిగా వెళ్ళేటప్పుడో? దానికోసం రేడియేటర్ వెనక ఒక చిన్న ఫ్యాన్ తగిలించాడు.

ఇక్కడ కొంచెం ఆగండి. ఫ్యాన్ ఉన్నది ఆగిన కారు కోసం, పాకే కారు కోసం. పరిగెత్తే కారుకి దాని అవసరం పెద్దగా లేదు. కాబట్టి సిగ్నల్ దగ్గర ముల్లు పైకి పాకి, రోడ్డు ఖాళీ అవగానే దిగిపోతోందంటే ఫ్యాన్ వైపు చూడాలి. హైవే మీద ఎనభైలో వెళ్తున్నా ఎక్కుతోందంటే ఫ్యాన్ జోలికి వెళ్ళక్కర్లేదు. కూలెంటు తగ్గిందా, థర్మోస్టాట్ మూసుకుపోయిందా, రేడియేటర్ పూడుకుపోయిందా, వాటర్ పంపు పోయిందా అన్నవి చూసుకోవాలి. స్కానర్లు పుట్టక ముందు సంగతి ఇది, ఇప్పటికీ అంతే.

తర్వాత డెబ్భై ఏళ్ళూ ఎక్కువగా బెల్టు రాజ్యమే. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన ఫోర్డ్ మోడల్ టీలో ఇంజనే బెల్టుతో ఫ్యాన్‌ని తిప్పేది. మన పాత అంబాసిడర్లోనూ అదే పద్ధతి. ఘాట్ రోడ్డు మధ్యలో బానెట్ ఎత్తి, డిక్కీలోంచి నీళ్ళ డబ్బా తీసి, బెల్టుని బొటనవేలితో నొక్కి చూసే డ్రైవర్లని మా నాన్న తరం వాళ్ళు బాగా ఎరుగుదురు. బెల్టు వదులైందా, తెగిందా, రెండే ప్రశ్నలు. కంటికి కనబడతాయి.

ఈ పద్ధతిలో లోపమూ ఉంది. ఫ్యాన్ వేగం వేడిని బట్టి కాదు, ఇంజను వేగాన్ని బట్టి. ఎక్కువ కావాల్సిన చోట, అంటే ట్రాఫిక్‌లో, నెమ్మదిగా తిరుగుతుంది. అక్కర్లేని చోట జోరుగా తిరిగి పెట్రోలు తింటుంది. దీనికి మందుగా సిలికాన్ నూనెతో పనిచేసే విస్కస్ క్లచ్ వచ్చింది, దాని గురించి రాస్తే ఇంకో టపా అవుతుంది.

బెల్టు కాలంలో నాకు బాగా నచ్చింది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. గాలితో చల్లబడే ఇంజను, దాని ఫ్యాన్ డైనమో ఇరుసు మీదే ఉండేది. రెండిటినీ తిప్పే బెల్టు ఒకటే. అది తెగితే డైనమో ఆగి, ఎదురుగా ఎర్ర దీపం వెలుగుతుంది. బీటిల్ తోలేవాళ్ళకి ఆ దీపం అర్థం "చార్జింగ్ లేదు" అని మాత్రమే కాదు, "ఫ్యాన్ ఆగింది, బండి ఆపు" అని. పని ఆగిపోయిన సంగతి పని జరిగే చోటి నుంచే వచ్చిందన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇంజనుని అడ్డంగా తిప్పి పెట్టడంతో కథ మారింది. 1959లో మినీని తయారుచేసిన అలెక్ ఇసిగోనిస్ రేడియేటర్‌ని కూడా ఇంజను పక్కకే జరిపి, పాత ఫ్యాన్నే వాడుకున్నాడు. 1969లో వచ్చిన ఫియట్ 128లో రేడియేటర్ ముందే ఉంది, ఫ్యాన్‌కి సొంత కరెంటు మోటారు వచ్చింది. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇలా అడ్డం ఇంజను, ముందు చక్రాల లాగుడు ఉన్న చిన్న కార్లు లోకమంతా పాకాయి. 1983 డిసెంబర్లో మనకొచ్చిన మారుతి 800 కూడా ఆ కుటుంబమే.

మొదట్లో ఇదీ సులువే. రేడియేటర్‌కి బిగించిన ఒక థర్మో స్విచ్, ఒక ఫ్యూజు, ఒక రిలే, మోటారు. స్విచ్ దగ్గరి రెండు వైర్లూ ఊడదీసి కలిపితే ఫ్యాన్ తిరిగిందా, స్విచ్ పోయింది. తిరగలేదా, మిగతావాటిలో చూడాలి. అలా ఒక్కో భాగాన్నీ విడదీసి అడగొచ్చు.

ఆ తర్వాత కంప్యూటర్ దిగింది. ఉష్ణోగ్రత చెప్పడానికి థర్మిస్టర్, నిర్ణయం ఈసీయూది. అమెరికాలో 1996 నుంచి, మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరైంది, స్కానర్ గుచ్చితే కోడ్ వస్తుంది. ఫ్యాన్ తాలూకు కోడ్ పి0480. చాలామంది దీన్ని "ఫ్యాన్ పోయింది" అని చదువుతారు. కాదు, అది "మొదటి ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్లో తేడా ఉంది" అని. రిలేతో నడిచే కార్లలో ఈసీయూకి కనబడేది రిలే కాయిల్ వరకే. అవతల కాంటాక్టులు మాడినా, ఫ్యూజు పోయినా, మోటారు బ్రష్షులు అరిగినా దానికి తెలీదు. రిక్వెస్ట్ పంపాం, మా వైపు అంతా ఓకే అనే మన సపోర్ట్ టీముల్లాగే. బీటిల్ ఎర్ర దీపానికున్న తెలివి దీనికి లేదు. (కొత్త కార్లలో వేగాన్ని సన్నగా మార్చే కంట్రోలర్లు కొన్ని వెనక్కి కబురు పంపుతాయి, అది వేరే సంగతి.)

దీనివల్ల జేబుకి రెండు వైపులా చిల్లు. కోడ్ వచ్చిందని, వైరో రిలేనో పోతే ఫ్యాన్ మొత్తం మార్చేస్తారు. కోడ్ రాలేదు కాబట్టి ఫ్యాన్ బాగుందనుకుని థర్మోస్టాట్, పంపు మారుస్తూ పోతారు. ఈలోగా హెడ్ గాస్కెట్ కాలిందంటే ఆ బిల్లు ముందు ఫ్యాన్ ధర చిల్లరే.

నా కారులో కోడ్ ఏమీ లేదు. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి (చాలా కార్లలో ఇది ఉచిత పరీక్ష), తిరగలేదు. ఫ్యూజు బాగుంది. పక్కనున్న అదే రకం రిలేతో మార్చి చూశాను, లాభం లేదు. మోటారు ప్లగ్గు దగ్గర పన్నెండు వోల్టులూ ఉన్నాయి, ఎర్తూ ఉంది. కర్ర చివరతో మోటారు వెనక మెల్లిగా తట్టగానే బర్రున తిరిగింది. బ్రష్షులు అరిగిపోయాయి. ఆ వర్క్‌షాపు వాళ్ళు డైరెక్ట్ చేసినా ఈ మోటారు ఏదో ఒక రోజు సిగ్నల్ దగ్గర మొండికేసేదే. అన్నట్టు, ఈ పని చేసేటప్పుడు చేతులు దూరంగా ఉంచండి, కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ చటుక్కున తిరుగుతుంది. వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తియ్యకండి.

ఏసీ వేస్తే తిరిగి, వేడికి తిరగకపోతే అనుమానం సెన్సర్ వైపు పోవాలి. సెన్సర్ ప్లగ్గు పీకేస్తే చాలా ఈసీయూలు ఎందుకైనా మంచిదని ఫ్యాన్ వేసేస్తాయి. అలా తిరిగితే ఫ్యాన్ వైపు లైను బాగున్నట్టే. (పీకినందుకు ఒక కోడ్ పడుతుంది, కంగారు పడకండి.) రెండు వేగాల ఫ్యాన్‌లో చిన్న వేగం మాత్రమే పోయిందంటే ముందు రెసిస్టర్ చూడాలి.

ఇక డైరెక్ట్ చెయ్యడం అంత ఘోరమా అంటే, నిజాయితీగా చెప్పాలంటే దానంతటది ఇంజనుని చంపెయ్యదు. థర్మోస్టాట్ ఉన్నంతకాలం ఇంజను వేడి పడిపోకుండా అదే కాస్తుంది. మోటారు త్వరగా అరుగుతుంది, బ్యాటరీ మీదా ఆల్టర్నేటర్ మీదా బరువు. కానీ దాంతోపాటు "మన ఎండలకి ఇదెందుకు సార్" అని థర్మోస్టాట్ కూడా పీకేస్తే ఇంజను వేడెక్కదు. ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోయిందని మళ్ళీ అదే మెకానిక్ దగ్గరికి వెళ్తాం.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు తెల్లారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి. ఏసీ ఆపి తాళం తిప్పండి. ఆ క్షణంలోనే ఫ్యాన్ హోరెత్తిందంటే సెన్సర్ అన్నా పోయి ఉండాలి, ఎవరైనా డైరెక్ట్ అన్నా చేసి ఉండాలి. బ్యాటరీ దగ్గర నల్ల టేపు చుట్టిన కొత్త వైరు, స్టీరింగ్ కింద కంపెనీది కాని స్విచ్ కనబడితే రెండోదే. ఎందుకు చేయించారో అడిగి, ఆ తర్వాతే బేరానికి దిగండి.