చిలకలపూడి బంగారం, చార్జర్ కరెంటు

గిల్టు నగ కనబడితే చాలు, "చిలకలపూడి బంగారమా?" అనేస్తాం. ఆ వెక్కిరింతలో బందరు పక్కనున్న ఆ ఊరి పనితనం మరుగున పడిపోయింది. నాకు మాత్రం ఫోన్ చార్జర్ గురించి రాయాలంటే ముందు ఆ ఊరే గుర్తొస్తుంది.

రోల్డ్‌గోల్డ్ అంటే అసలర్థం, రాగి మీదో ఇత్తడి మీదో బంగారు రేకు అతికించి రెంటినీ కలిపి సాగదీయడం. కరెంటుతో పూత వేరే విద్య. వోల్టా 1800లో బ్యాటరీ చేస్తే, అయిదేళ్లకే ఇటలీలో బ్రుగ్నాటెల్లి వెండి పతకాలకి బంగారం పూత ఎక్కించాడు. 1840లో బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్లు పేటెంటు తీసుకుని దాన్ని వ్యాపారంగా మార్చారు. నగని నెగటివ్ తీగకి తగిలించి ద్రావణంలో ముంచితే బంగారం వచ్చి దానిమీద పేరుకుంటుంది. కానీ కరెంటు ఒకే దిక్కుకి పారాలి. మన గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటేమో సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే పూత పట్టే చోట రెక్టిఫయర్ ఉంటుంది: వోల్టులు బాగా తగ్గించి, కరెంటుని ఒకవైపుకే నడిపించే పెట్టె.

చార్జర్ చేసేదీ అదే పని. పాత చార్జర్లు ఇటుకల్లా బరువుండేవి, గుర్తుందా? 50 ఊపులకి పెద్ద ట్రాన్స్‌ఫార్మరే కావాలి మరి. ఇప్పటివి ముందు డయోడ్లతో కరెంటుని ఒక దిక్కుకి తిప్పుతాయి. అక్కడ మూడొందల వోల్టుల పైమాటే! దాన్ని ట్రాన్సిస్టర్‌తో సెకనుకి వేలకి వేల సార్లు తెంపి కలుపుతాయి. ఆ వేగం పెరిగేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే సరిపోతుంది. అవతల వచ్చేది 5 వోల్టులు. రెండు తీగచుట్లూ ఒకదాన్నొకటి తాకవు. 1831లో ఫారడే కనిపెట్టినట్టు, అయస్కాంత క్షేత్రం ద్వారానే శక్తి ఇటు చేరుతుంది.

ఆ ఎడమే మన ప్రాణానికి కాపలా. ఫుట్‌పాత్ మీద దొరికే నకిలీ చార్జర్‌లో మిగుల్చుకునేది సరిగ్గా అక్కడే: ఎడం తగ్గిస్తారు, చుట్ల మధ్య ఇన్సులేషన్ పల్చన చేస్తారు. అది పాడైతే గోడలోని కరెంటు చేతిలోని ఫోన్‌దాకా వచ్చేస్తుంది. గిల్టు గాజు పూతపోతే రాగి బయటపడుతుంది, అంతే. ఈ రెంటినీ "డూప్లికేటే కదా" అని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. గిల్టుపనిలో ప్రమాదం తొడుక్కునేవాళ్లకంటే చేసేవాళ్లకే ఎక్కువ. బంగారం పూత ద్రావణాల్లో సాధారణంగా సైనైడ్ ఉంటుంది. నగ బేరమాడేటప్పుడు ఆ చేతుల గురించి అడిగేవాళ్లెవరు?

ఇంకోమాట. గోడకి పెట్టేది నిజానికి అడాప్టరే, అసలు చార్జర్ ఫోన్ లోపలుండే చిప్. బ్యాటరీ మరీ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ కరెంటు తోస్తే, గ్రాఫైట్‌లోకి దూరాల్సిన లిథియం బయటే లోహంగా పేరుకుంటుంది. ఇంజనీర్లు దాన్నీ ప్లేటింగ్ అనే అంటారు. చిలకలపూడిలో కావాలని చేసే పని అక్కడ జరక్కుండా చూడ్డానికే ఆ చిప్ వేడినీ వోల్టునీ చూసుకుంటూ కరెంటు తగ్గిస్తుంటుంది.