గేరు మార్చే బుర్ర

కారు నేర్చుకునేవాళ్ళని ముందు భయపెట్టేది రోడ్డు కాదు, క్లచ్చి. ఎత్తుమీద బండి ఆగిందంటే ఎడమకాలు వణుకుతుంది, వెనకవాడు హారను మోగిస్తాడు. ఈ అవస్థ మనదొక్కళ్ళదే కాదండీ, అమెరికావాళ్ళూ పడ్డారు. చివరికి 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కారులో 'హైడ్రామాటిక్' అనే గేరుపెట్టె వచ్చింది. క్లచ్చి పెడలే లేదు! జనరల్ మోటార్స్‌లో దాన్ని తయారుచేసిన ఇంజనీర్లకి పెద్ద ఎర్ల్ థాంప్సన్. గేర్లు గరగరలాడకుండా పడే సింక్రోమెష్ కూడా అంతకుముందు ఆయన కనిపెట్టిందే.

మరి ఏ గేరు ఎప్పుడు వెయ్యాలో ఎవరు చెప్పాలి? నూనె చెప్పేది! బండి వేగాన్నిబట్టీ, మనం తొక్కే యాక్సిలరేటరునిబట్టీ నూనె ఒత్తిడి మారేది. చీమలపుట్టలాంటి సన్నని దారుల్లోంచి పోయి వాల్వుల్ని అటూ ఇటూ నెట్టేది. రెండో ప్రపంచయుద్ధంలో ఈ పెట్టెల్ని అమెరికా తేలిక టాంకుల్లో కూడా బిగించారు. మొరాయిస్తే పనితెలిసిన మెకానిక్కు విప్పి, కడిగి, మళ్ళీ బిగించేవాడు.

1969లో ఫ్రాన్సువారి రెనో 16 కారులో ఆ నిర్ణయాన్ని ఎలక్ట్రానిక్ పెట్టెకి అప్పగించారు. 1980ల నుంచీ అది మిగతా కంపెనీలకీ పాకింది. నూనె చేతులుగా మిగిలింది, బుర్ర మాత్రం కంప్యూటరైంది. మన దేశంలో 2014లో మారుతి సెలేరియో వచ్చాక తక్కువ ధర కార్లలోనూ ఆ బుర్ర చేరింది. అందులో క్లచ్చి ఉంది. నొక్కేది మాత్రం మన కాలు కాదు!

ఇప్పుడీ బుర్ర చెడితే? చాలా కార్లు ఒకే గేరులో ఉండిపోయి, ఎలాగో ఇంటికి చేరుస్తాయి. విప్పి కడిగేందుకు లోపలేమీ ఉండదు. చాలాసార్లు కొత్త పెట్టె పెట్టాల్సి వస్తుంది. పెట్టినా, కొత్తకోడలికి ఇంటి పద్ధతులు చెప్పినట్టు, ఆ కారు సంగతులన్నీ దానికి కంప్యూటరుతో నేర్పాలి. అంచేత ఇంకో కారులోది ఊడదీసి తగిలిస్తే తరచు పనిచెయ్యదు.

ఇంకో సంగతి. అన్నిసార్లూ తప్పు బుర్రది కాదు. బ్యాటరీ నీరసించినా, వైరు వదులైనా, నూనె తగ్గినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు. షెడ్డులో "పెట్టె మార్చాలమ్మా" అనగానే పర్సు తియ్యకండి. "మిషనులో ఏ కోడు వచ్చింది? వైర్లు చూశారా? నూనె చూశారా?" అని అడగండి. వేలరూపాయల వ్యవహారం కదా, జవాబు విన్నాకే ఒప్పుకోండి.