సుధా కార్ల మ్యూజియం

హైదరాబాద్‌లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల సమీపాన, బహదూర్‌పురాలో ఉన్న వింత వాహనాల ప్రదర్శనశాల. 2010లో ప్రారంభమైంది. ఈ వాహనాల రూపకర్త కె. సుధాకర్. పాత ఇనుప సామాను, పనికిరాని విడిభాగాలు ఏరి తెచ్చి క్రికెట్ బ్యాట్, బర్గర్, కెమెరా, ఎత్తు మడమల చెప్పు, హెల్మెట్, చివరికి మరుగుదొడ్డి కమోడ్ ఆకారంలో కూడా కార్లు తయారుచేశారు. ఇవి బొమ్మలు కావు, ఇంజన్‌తో నడుస్తాయి. ఆయన ప్రతిభ అసలు కనబడేది అక్కడే: చెప్పు చెప్పులాగే ఉండాలి, లోపల మనిషి కూర్చుని నడపగలగాలి.

2005 జూలై 1న ఆయన తొక్కి చూపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తైన మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. ధూమపానం మానమని సిగరెట్ కారు, 2020లో జాగ్రత్త చెబుతూ కరోనా వైరస్ కారు రోడ్డు మీదికి తెచ్చారు. చూసినవారు ముందు నవ్వుతారు. ఆ వెంటనే వంగి ఇంజన్ ఎక్కడుందో వెతుకుతారు. మెకానిక్‌కు అంతకన్నా మెప్పు ఉండదు.

మామూలు వాహన యజమానికి ఇంత స్వేచ్ఛ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.